తాత గ్లాసు మీద నా తారీఖు

నా పుట్టినరోజు నాడు పొద్దున్నే ఫోన్ తెరిస్తే, మా చుట్టాల గ్రూపులో ఎవరో ఒకరు "చరిత్రలో ఈ రోజు" అని పంపిస్తారు. ఎక్కడో ఒక శాస్త్రవేత్త పుట్టాడు, ఇంకెక్కడో ఒక రాజు పోయాడు, ఏదో సముద్రంలో ఓడ మునిగింది, ఏదో దేశంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. ఆ రాజుకూ ఈ ఓడకూ ఏం సంబంధమో ఎవరికీ పట్టదు. ఒకే తారీఖు పడ్డది, అంతే. రైల్లో పక్క సీట్లో కూర్చున్న పాపానికి చుట్టాలైపోయినట్టు.

మా ఇంటి చరిత్రలో ఆ రోజుకు రెండే లైన్లు. మరణాలు: మా తాత. జననాలు: నేను. లోకంలో ఏ పత్రిక చూసినా జననాలు పైన వేసి మరణాలు కింద వేస్తుంది. మా ఇంట్లో మాత్రం మరణం పైన, జననం కింద. ముప్పై ఎనిమిదేళ్లుగా నేను రెండో లైనులోనే ఉన్నాను. ఆ కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, దాచుకునే అలవాటు లేదు.

ఆ రోజు ఏం జరిగిందో నేను చూడలేదు గానీ, విన్నదే విని విని చూసినట్టే అయిపోయింది. తాత సుబేదారిలోని మా ఇంట్లో తెల్లవారుజామున పోయాడు. నేను పొద్దు పొడిచాక దవాఖానాలో పుట్టాను. నాన్న ఒక్కడే కొడుకు కాబట్టి తాత మంచం దగ్గర ఉన్నాడు. అమ్మకు నొప్పులొస్తే నాన్న వాళ్ల అక్క, అంటే మా మేనత్త, తోడు పోయింది. ఆమెది కాజీపేట, మామయ్య రైల్వేలో పనిచేసేవాడు. అప్పటికి ఇంట్లో ఫోన్ లేదు. నాన్న సైకిలేసుకొని దవాఖానాకు చావు కబురు మోసుకొచ్చేసరికి నేను పుట్టేసి ఉన్నాను. తెచ్చిన కబురు ముందు చెప్పాలో, ఎదురైన కబురు ముందు వినాలో తెలియక ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడట. ఇప్పటికీ రెండు పనులు ఒకేసారి చెబితే నాన్న అట్లాగే గుమ్మంలో నిలబడిపోతాడు.

హనుమకొండ చౌరస్తాలో మాది గిన్నెల దుకాణం. మా వైపు పెళ్లికీ, గృహప్రవేశానికీ, పసిపిల్లను ఉయ్యాల్లో వేసే తొట్టెలకూ, మనిషి పోయిన పదకొండో నాటికీ, అన్నింటికీ స్టీలు సామాన్లు పంచుతారు. పంచే ప్రతి గ్లాసు మీదా, ప్రతి పళ్లెం మీదా పేరూ తారీఖూ ఉండాలి. దుకాణంలో దానికోసం పెన్నులాంటి చిన్న కరెంటు మిషన్ ఉంటుంది, జుయ్యిమని మోగుతూ స్టీలు మీద అక్షరాలు గీస్తుంది. పేరు కొట్టడం అంటాం దాన్ని. ఊళ్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఎప్పుడు పోయారో తెలియాలంటే కాగితాలు వెతకనక్కర్లేదు, వంటింట్లో గిన్నె తిప్పి చూస్తే చాలు.

తాత పదకొండో నాటికి నాన్నే మిషన్ ముందు కూర్చున్నాడు. తాత పేరు, దాని కింద "స్వర్గస్థులైన తేదీ" అని, గోడకున్న క్యాలెండర్ చూసి ఆ తారీఖు. మాది పెద్ద చుట్టరికం. పైగా గిన్నెల దుకాణం వాళ్లు పలచని గ్లాసులు పంచితే నలుగురూ నవ్వుతారని మంచి మందపు స్టీలు తీశారు. ఎన్నేళ్లయినా సొట్టపడని గ్లాసులు. అదే నా కొంప ముంచింది.

ఇల్లు సూతకంలో ఉంది కాబట్టి నాకు తొట్టెల చేయలేదు. నా పేరు మీద ఎవరికీ చెంచా కూడా పంచలేదు. గిన్నెల దుకాణంలో పుట్టి తన పేరున్న ఒక్క గిన్నె కూడా లేని పిల్లను నేనే అనుకుంటా. నా తారీఖు మాత్రం చుట్టాల వంటిళ్లన్నిటికీ చేరిపోయింది. ఎండలో పడి ఎవరింటికన్నా పోయి, దాహంతో గ్లాసెత్తితే, కళ్లకెదురుగా నా పుట్టినరోజు, దాని పక్కన స్వర్గస్థులైన అన్న మాట. నేను కూడబలుక్కొని చదివిన మొదటి పెద్ద మాట అదే.

దీనికి తోడు ఇంకో చిక్కు. తాత తద్దినం మేం తిథి ప్రకారం పెడతాం. తిథి ఏటా ఒకే తారీఖున రాదు, ముందుకో వెనక్కో జరుగుతుంది. అయ్యగారు పంచాంగం చూసి చెప్పిన నాడు తద్దినం. కానీ చుట్టాలకు పంచాంగం ఎవరు చూసిపెడతారు? వాళ్లకు తెలిసింది గ్లాసు. గ్లాసు మీద తారీఖు చూసి, సరిగ్గా నా పుట్టినరోజు నాడు పరామర్శకు వచ్చేవాళ్లు. అంటే మా తాత ఏడాదికి రెండుసార్లు పోయేవాడు, తిథి నాడొకసారి, తారీఖు నాడొకసారి. నేను ఒక్కసారి కూడా సరిగ్గా పుట్టేదాన్ని కాదు.

ఆ రోజు పొద్దున లేవగానే మా బాపమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, గడప దగ్గర పీట వేసుకొని కూర్చునేది. పొద్దుగూకేదాకా లేచేది కాదు. అమ్మ నాకు కొత్త గౌను వేసి, బడిలో పంచమని చాక్లెట్లు ఇచ్చేది. తీపి వండమంటే మాత్రం, "రేపు చేస్తలే బిడ్డా" అని బాపమ్మ వైపు చూసేది. ఎవరి పుట్టినరోజు తీపి వాళ్లు మర్నాడు తినడం ఎంత అన్యాయమో నేను ఏటా బాపమ్మకు వినిపించేటట్టే చెప్పేదాన్ని. ఆమె పీట మీద నుంచి కదిలేది కాదు.

ఏడేళ్లప్పుడు మా కాజీపేట అత్తమ్మ కొడుకు నాతో గోళీల దగ్గర కొట్లాడి, "నువ్వు తాతను మింగి పుట్టినవట. మా అమ్మ అన్నది" అన్నాడు. నాకు ముందు కోపం కాదు, ఆశ్చర్యమేసింది. ఫోటోలో తాత రుమాలు చుట్టుకొని నిలువెత్తున ఉన్నాడు. అంత మనిషిని రుమాలుతో సహా ఎట్లా మింగానని అమ్మను అడిగాను. అమ్మ మొహం మాడిపోయింది. అప్పుడు అర్థమైంది అది మంచి మాట కాదని. అప్పటి నుంచి అత్తమ్మ ఇంటికి వస్తే నేను మిద్దె మీదికి ఎక్కేసేదాన్ని.

బాపమ్మకు ఒక వింత అలవాటు ఉండేది. ఏ చుట్టాలింటికి పోయినా దుకాణం నుంచి ఒక కొత్త గ్లాసు సంచిలో పెట్టుకొని పోయేది. నీళ్లు తాగి, "గిది పాతగైంది, గీ కొత్తది వెట్టుకోండ్రి" అని తాత గ్లాసు తీసి సంచిలో వేసుకొని వచ్చేది. పాత సామాను తీసుకొని కొత్తది ఇవ్వడం మా దుకాణంలో ఉన్న పద్ధతే. ఆమె దాన్ని పెళ్లిళ్లకూ పేరంటాలకూ కూడా పట్టుకుపోయింది. తెచ్చిన గ్లాసులన్నీ గోనె సంచిలో వేసి సజ్జ మీద పెట్టేది. తాత మీద ప్రేమనో, మంచి స్టీలు మీద ఆశనో అనుకునేదాన్ని. ఒక్క కాజీపేట నుంచి మాత్రం ఆమె సంచి ఎప్పుడూ కొత్త గ్లాసుతోనే తిరిగొచ్చేది. "మా బాపు గిలాస నేనెందుకిస్త" అని అత్తమ్మ తెగేసి చెప్పిందట.

ఎనిమిదో తరగతిలో మా బడి వరండాలో ఒక నల్లబల్ల ఉండేది. రోజుకొకరు "చరిత్రలో ఈ రోజు" రాయాలి. నా పుట్టినరోజు నాడు సారు ఆ పని నాకిచ్చాడు. పేపర్లో చూసి ఇద్దరు గొప్పవాళ్ల పుట్టుకలు, ఇద్దరు గొప్పవాళ్ల చావులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. బల్ల మీద ఇంకా చోటు మిగిలింది. ఊరికే పోనివ్వడమెందుకని తాత పేరు, దాని కింద నా పేరు కూడా రాశాను.

సారు వచ్చి చదివి నన్ను పిలిచాడు.

"ఈయనెవరమ్మా?"

"మా తాత సార్."

"మరి ఇదెవరు?"

"నేనే సార్."

"నువ్వేం సాధించినవని?"

"పుట్టిన సార్."

సారు నవ్వాపుకుంటూ డస్టర్ తీసుకొని నా పేరు తుడిచేశాడు. తాత పేరు మాత్రం అట్లాగే ఉంచాడు, పోయిన పెద్దమనిషి పేరు తుడవడానికి చేయి రాలేదట. సాయంత్రం బడి వదిలేదాకా తాత ఆ గొప్పవాళ్ల మధ్య హాయిగా ఉన్నాడు. నేను ఇంటికొచ్చి, గడప దగ్గర కూర్చున్న బాపమ్మ మీద సంచి విసిరినంత పని చేసి, జరిగిందంతా చెప్పాను.

ఆమె అంతా విని ఒకటే అడిగింది. "ఎవల్ది ముందుగాల రాసినవే?"

"తాతది."

"ఎందుకట్ల?"

"మనింట్ల గంతే గదా."

ఆ వారంలోనే బాపమ్మ సంచి తీసుకొని బస్సెక్కి రెండూళ్లు తిరిగొచ్చింది. గోనె సంచిలో ఇంకో నాలుగు గ్లాసులు పడ్డాయి. ఆ ప్రయాణానికీ నా మాటకూ సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

పంతొమ్మిదేళ్లు నిండే ఏడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. పంతొమ్మిదేళ్లకొకసారి తిథీ తారీఖూ మళ్లీ కలుస్తాయని అయ్యగారు ఎప్పుడో చెప్పగా విన్నాను. అంటే ఆ ఏడు తాత తద్దినం సరిగ్గా నా పుట్టినరోజు నాడే పడుతుంది. అక్కడ పిండాలు, ఇక్కడ కేకు. కాలేజీ స్నేహితులను ఇంటికి పిలిచి పెట్టాను. ఈసారి వెనక్కి తగ్గేది లేదని ముందే గట్టిగా అనుకొని, అయ్యగారు పంచాంగం విప్పుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

ఆయన వేలితో గళ్లు చూసుకుంటూ పోయి, నా పుట్టినరోజుకు ముందు రోజు దగ్గర ఆగాడు.

"అయ్యగారూ, ఒకరోజు తప్పు పోయింది" అన్నాను.

"తప్పేం పోలేదమ్మా. మీ తాత పొద్దు పొడవకముందు పోయిండు. మనకు దినం సూర్యోదయంతోని గదా మొదలయ్యేది. అప్పటికింకా ముందటి దినమే నడుస్తాంది, తిథి సుత ముందటిదే. తెల్లారేటాళ్లకు ఆ తిథి అయిపోయింది. నువ్వు పుట్టింది మరునాడు."

గడియారం అర్ధరాత్రి తారీఖు మార్చింది కాబట్టి తాతా నేనూ ఒక గడిలో పడ్డాం గానీ, మా ఇంట్లో రోజును అట్లా మార్చేవాళ్లు ఎవరూ లేరు. మంచి చెడ్డలన్నీ పంచాంగం చూసి చేసే మనుషులు, నా ఒక్కదాని విషయంలో గోడకున్న క్యాలెండర్ను నమ్మారు. నేను తాతను మింగలేదు సరికదా, మేమిద్దరం ఒకే రోజు వాళ్లమే కాదు.

అయ్యగారు లేవకముందే బాపమ్మ దగ్గరికి పోయాను. ఆమె వంటింట్లో చిక్కుడుకాయ తుంచుతోంది.

"తాత ముందటి దినం పోయిండని నీకు తెలుసా?"

"తెల్వకేంది? నేను పక్కపొంటే ఉంటి. ఇంకా తెల్లారనే లేదు."

"మరి గ్లాసుల మీద నా తారీఖెందుకు కొట్టించినవ్?"

"మీ నాయిన అడిగిండు, అమ్మా గిదేనా తారీఖని. నేను ఊ అన్న. నాకప్పుడు తారీఖు ఫికరున్నదా బిడ్డా?"

"మరి ఏటా ఆ రోజే గడప కాడ ఏడ్సుకుంట ఎందుకు కూసుంటవ్?"

బాపమ్మ చిక్కుడుకాయ పక్కకు పెట్టింది. "ఏడ్సుడెక్కడిది? గిలాస చూసుకొని వచ్చేటోళ్లు ఊకుంటరా? ఏడాది తిరిగిన నాడు మీ అత్తనే తొట్టె కాడ నిలవడి ఒక మాటన్నది. ఆ మాట మల్ల ఇంట్లకు రావద్దని కూసున్న. వచ్చినోళ్లతోని గడప కాడ్నే మాట్లాడి, అట్నుంచి అటే పంపిన. తీపి వండితే వాసనకు ఇంకో మాట పుడ్తది. అందుకే మీ అమ్మను వద్దన్న."

"మరి పాత గ్లాసులు?"

"నేనన్న ఊ తోనే గదా ఊళ్లమీదికి వొయినయి. నేనే తేవాలె. ఒక్కటే మిగిలింది, మీ అత్త కాడ. తండ్రి గిలాస. ఎట్ల గుంజుకొస్త?"

అక్కడే కింద కూర్చొని ఏడ్చాను. పంతొమ్మిదేళ్లు నేను ఎవరి మీద రుసరుసలాడానో ఆమే నా గడపకు కాపలా కాసింది. సిగ్గేసింది, ఎంత సిగ్గేసిందంటే చిక్కుడుకాయ తుంచడం కూడా చేతకాలేదు. పుట్టినరోజుకు ముందు రోజు తద్దినం జరిగింది. మర్నాడు బాపమ్మ తానే పూర్ణం రుబ్బి భక్ష్యాలు చేసింది. తలుపులు బార్లా తెరిచి పెట్టించి, పీట వంటింట్లో వేసుకొని కూర్చుంది. నా స్నేహితులు కేకు వదిలేసి భక్ష్యాల మీద పడ్డారు.

బాపమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆమె పదకొండో నాటికి గ్లాసుల మీద పేరు కొట్టేటప్పుడు నాన్న క్యాలెండర్ వైపు తలెత్తలేదు. అయ్యగారికి ఫోన్ చేసి, మాసం, పక్షం, తిథి రాసుకున్నాడు. పేరు కొట్టింది నేను. ఇంజనీరింగ్ చదివి, అక్కడా ఇక్కడా ఉద్యోగాలు చేసి, చివరికి చౌరస్తాలోనే తేలాను. నాన్న గల్లా దగ్గర, నేను మిషన్ దగ్గర.

ఈ ఏడు నాకు ముప్పై ఎనిమిది. తిథి మళ్లీ తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. ముందు రోజు తద్దినానికి అత్తమ్మ రాలేదు, మోకాళ్లు సహకరించడం లేదట. నా పుట్టినరోజు నాడు పొద్దున ఫోన్ చేసి, "ఒకసారి వచ్చిపో" అంది. ఆమె నన్ను ఆ రోజు పిలవడం అదే మొదటిసారి. కాజీపేటలో ఒక గృహప్రవేశం వాళ్లు పళ్లాల మీద ఇంటి దగ్గరే పేర్లు కొట్టాలన్నారు, ఎలాగూ మిషన్ సంచిలో పెట్టుకొని బయలుదేరుతున్నాను. ఏమనిపించిందో, ఒక కొత్త గ్లాసు కూడా పక్కన వేసుకున్నాను.

అత్తమ్మ గోడ పట్టుకొని నడిచి పోయి నీళ్లు తెచ్చింది. అదే గ్లాసు. రుద్ది రుద్ది అక్షరాలు కొంచెం అరిగాయి గానీ తారీఖు తారీఖులాగే ఉంది. నేను నీళ్లు తాగకుండా సంచిలోంచి కొత్త గ్లాసు తీశాను.

"గది పాతగైంది అత్తమ్మా. గీ కొత్తది వెట్టుకో."

ఆమె నవ్వింది. "మీ బాపమ్మ లెక్కనే తయారైనవ్. ఆమెకియ్యలే, నీకు సుత ఇయ్య."

నాకు కొంచెం కోపం వచ్చింది. ఈ వయసులో కూడా ఎందుకింత పట్టుదల అనుకున్నాను. ఆమె నా పక్కన మంచం మీద మెల్లగా కూర్చుంది.

"నువ్వు పుట్టినంక నిన్ను ముందుగాల ఎత్తుకున్నది ఎవలో ఎరికేనా?"

తెలియదన్నాను.

"నేనే. నర్సమ్మ బట్టల చుట్టి నా చేతుల వెట్టింది. ఇంటికాడ బాపు పోయిండని నాకెట్ల తెల్వాలె? నిన్ను వట్టుకొని దవాఖాన వరండల ఇటు నుంచి అటు తిరిగిన. కనవడ్డోళ్లందరికి చూపెట్టిన. మా బాపు ముక్కే వచ్చింది, తీస్కపోయి బాపుకు చూపెడ్త అన్న. మస్తు నవ్విన బిడ్డా. అంతల మీ నాయిన వచ్చి గుమ్మంల నిలవడ్డడు." ఆమె మోకాలు నిమురుకుంది. "ఇంట్ల బాపును కింద పండవెట్టిన్రు. నేను ఆడ నవ్వుకుంట తిరిగిన. ఆ నవ్వు మీద నాకు కోపం. దాన్ని ఎవల మీద వెయ్యాలెనో తెల్వక నీ మీద వేసిన. ఆ మాట అనకుండ ఉండాల్సింది. ఎన్నిసార్లు చెప్దామనుకున్నా, నువ్వు మిద్దెక్కుతుంటివి."

ఆమె ఏడవలేదు, చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్లు ఆమె గ్లాసు ఎందుకు ఇవ్వలేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ తారీఖు ఆమెకూ రెండు లైన్లే. రెండోది ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

"గ్లాసు తీస్కపోనులే. ప్లగ్గెక్కడున్నది?" అన్నాను.

నీళ్లు తాగేసి, తుడిచి, గ్లాసును ఒళ్లో పెట్టుకొని మిషన్ పెట్టాను. తాత పేరూ, ఆ తారీఖూ ముట్టుకోలేదు. నాన్న చేతి రాత అది. దాని కింద మిగిలిన చోట కొత్త అక్షరాలు గీశాను. గది నిండా జుయ్యిమని మోత, ఒళ్లో సన్నగా స్టీలు పొడి.

అత్తమ్మ గ్లాసు తీసుకొని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసింది. "కండ్లు కనవడ్తలేవు. చదువు."

"తాత పోయింది మొదలున్నది. గా ముచ్చట పాతదే."

"కింద?"

"పొద్దు పొడిచినంక మనుమరాలు పుట్టింది. మేనత్త ఎత్తుకొని నవ్వింది."

ఆమె నల్లా దగ్గరికి పోయి, పొడి పోయేదాకా కడిగి, నిండా నీళ్లు పట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తాగు బిడ్డా. ఇయ్యాల నువ్వు పుట్టిన రోజు."

తాగి, గ్లాసు ఆమెకే ఇచ్చాను. కొత్త గ్లాసు సంచిలోనే తిరిగి దుకాణానికి వచ్చింది.